సరిహద్దు దాటిన కారు, ఫోన్‌కొచ్చిన చలానా

హైదరాబాద్‌లో పిల్లని హాస్టల్లో దింపి ఇంటికొస్తాం. ఒళ్ళు నొప్పులు తగ్గి మామూలు పనుల్లో పడేసరికి ఫోన్‌కి ఒక మెసేజ్ వస్తుంది. తెలంగాణ పోలీసులు, మన కారు నెంబరు, కింద కట్టాల్సిన డబ్బు. గుండె ఝల్లుమంటుంది కదూ? పరాయి రాష్ట్రం కదా, అంత దూరం వెళ్ళి కట్టాలా, కోర్టుకి పిలుస్తారా, ఇంట్లో చెప్తే ఏమంటారో అని ఆ రాత్రి నిద్ర పట్టదు. రా అమ్మాయ్, ఇలా కూర్చో. టీ తాగుతూ ఒక్కొక్కటే విప్పుకుందాం. ఇందులో మనం తేల్చుకోలేనిది ఏదీ లేదు.

మన జంగారెడ్డిగూడెం వాళ్ళకి ఇది తప్పని వ్యవహారమే. జీలుగుమిల్లి దాటామంటే అశ్వారావుపేట, అక్కణ్ణించి తెలంగాణ. సత్తుపల్లి, ఖమ్మం, సూర్యాపేట మీదుగా హైదరాబాద్ వెళ్ళినా, పాల్వంచ మీదుగా భద్రాచలం రాములవారి దగ్గరికి వెళ్ళినా గంటలోపే సరిహద్దు దాటేస్తాం. 2014 జూన్ దాకా అదంతా మనదే కాబట్టి ఇప్పటికీ అది వేరే రాష్ట్రమని మనసుకి తట్టదు. ఊరి పక్క నుంచే ఖమ్మం, దేవరపల్లి గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు కూడా వచ్చింది కాబట్టి ఈ రాకపోకలు ఇంకా పెరుగుతాయి. అందుకే ఈ సంగతి ఒకసారి శుభ్రంగా తెలుసుకుని ఉంటే మంచిది.

ముందుగా ఒక్క మాట వినాలి. మెసేజ్ చూసిన కంగారులో దాన్ని నొక్కేయకూడదు. ఈ మధ్య ‘ఆర్‌టీఓ చలానా’ అని వాట్సాప్‌లో ఒక ఫైలు పంపుతున్నారు, దాని పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటుంది. అది చలానా కాదు, ఫోన్లోకి దూరే యాప్. దాన్ని తెరిచి ఇన్‌స్టాల్ చేశామంటే మన ఓటీపీలు వాళ్ళ చేతికి వెళ్తాయి, ఖాతా ఖాళీ అవుతుంది. పోలీసులు చలానా కోసం మనకి యాప్ ఫైలు పంపరు, ఎవరి సొంత నెంబరుకో ఫోన్‌పే చేయమనరు. కాబట్టి లింకు నొక్కకుండా మనమే బ్రౌజర్ తెరిచి, అసలు సైటుకి వెళ్ళి, బండి నెంబరు కొట్టి చూసుకోవాలి. సైటు పేరు చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూడు. పొరపాటున నొక్కేశావా? సిగ్గుపడుతూ కూర్చోకు, వెంటనే 1930కి ఫోన్ చేసి చెప్పు, బ్యాంకుకీ చెప్పు. అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే.

అసలు సైటంటే ఏది అంటావా? తెలంగాణ పోలీసులకి సొంత ఈ-చలాన్ సైటు ఉంది. కేంద్రం నడిపే పరివాహన్ ఈ-చలాన్ సైటు వేరే ఉంది. ఒకదాంట్లో చూసి ‘ఏమీ లేదులే’ అని మూసేయకు, రెండూ చూడు. తెలంగాణ సైటులో చలానాతో పాటు ఫొటో కూడా కనిపిస్తుంది. ఆ ఫొటో దగ్గర కాసేపు ఆగాలి. అది మన కారేనా, రంగు అదేనా, ఆ రోజు మనం ఆ ఊళ్ళో ఉన్నామా, నెంబరు ప్లేటు మీద అంకె సరిగ్గా చదివారా అని చూసుకో. ఒక అంకె తప్పు చదివి వేరే వాళ్ళ చలానా మనకి రావడం, మన నెంబరుని దొంగగా ఇంకో బండికి తగిలించడం, రెండూ జరుగుతున్నాయి. మన కారు కాదని తేలితే డబ్బు కట్టకు. ఆ ఫొటో దాచుకుని, మన కారు ఫొటో జతచేసి, ఆ సైటులోనే ఫిర్యాదు పెట్టు. ప్లేటు దొంగతనం అనిపిస్తే మన స్టేషన్లో కూడా రాసి ఇచ్చి రసీదు తీసుకో. చిన్న మొత్తమే కదా, పోనీలే అని కట్టేస్తే ఆ దొంగ బండి రేపు ఇంకేం చేసినా మన మెడకే చుట్టుకుంటుంది.

మనదే అని తేలిందనుకో. అప్పుడు కూడా బెంగ అక్కర్లేదు. తెలంగాణలో స్పీడుకి పడే చలానా సాధారణంగా 1,035 రూపాయలు ఉంటుంది, వెయ్యి జరిమానా, 35 వినియోగ రుసుము. పరాయి రాష్ట్రమైనా హైదరాబాద్ వెళ్ళక్కర్లేదు. ఫోన్లోనే కట్టేసి, రసీదు దాచుకుని, రెండు మూడు రోజులాగి సైటులో అది పోయిందో లేదో మళ్ళీ చూస్తే సరిపోతుంది. మోటారు వాహనాల చట్టం దేశానికంతటికీ ఒక్కటే. 1988 నాటి చట్టాన్ని 2019లో సవరించి జరిమానాలు పెంచారు. అక్కడికక్కడే కట్టించుకునే మొత్తం ఎంతన్నది మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయించుకుంటుంది. అందుకే ఒకే తప్పుకి ఇక్కడ ఒక లెక్క, సరిహద్దు అవతల ఒక లెక్క. ‘మా ఊళ్ళో ఇంత కాదుగా’ అని వాదించి మనసు పాడుచేసుకోవద్దు.

ఇంకో సంగతి. ‘డిస్కౌంట్ ఇస్తారటలే, అప్పుడు కడదాం’ అనే మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. నిజమే, తెలంగాణలో 2022 మార్చిలో కార్ల పాత చలానాల్లో సగం, బైకులకి ముప్పావు వంతు తగ్గించారు. 2023 డిసెంబరు చివర్లో ఇంకా ఎక్కువ తగ్గించారు. కానీ మళ్ళీ ఎప్పుడు ఇస్తారో, అసలు ఇస్తారో లేదో ఎవరు చెప్పగలరు? ఈలోగా హైదరాబాద్‌లో బండి ఆపితే పెండింగ్ చలానాలన్నీ బయటపడతాయి. పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్తున్న రోజే అలా ఆపారనుకో, అప్పుడు మన పరిస్థితేంటి? రేపు కారు అమ్ముదామన్నా, కాగితాలు మార్చుకుందామన్నా ఇవే అడ్డం వస్తాయి. చలానా చిన్నగా ఉండగానే వదిలించుకో తల్లీ.

ఇక్కడ ఆడవాళ్ళం ప్రత్యేకంగా ఆలోచించుకోవాల్సింది ఒకటుంది. చాలా ఇళ్ళల్లో కారు మన పేరు మీదే ఉంటుంది. నడిపేది ఆయనో, తమ్ముడో, అబ్బాయో. చలానా మాత్రం ఓనరు పేరునే వస్తుంది. సరే, ఆర్సీలో ఇచ్చిన ఫోన్ నెంబరు ఎవరిది? షోరూంలో ఆ రోజు హడావుడిలో ఎవరి నెంబరు ఇచ్చామో గుర్తుందా? కొన్ని ఇళ్ళల్లో షోరూం కుర్రాడు తన నెంబరే ఎక్కించేసి ఉంటాడు. అప్పుడు చలానాలు ఏడాది పాటు పేరుకుపోయినా మనకి కబురే ఉండదు. పరివాహన్ సైటులో మన నెంబరు ఎక్కించుకునే వీలుంది, ఈ వారంలోనే చేసెయ్. ఇంటర్ చదివే అబ్బాయి ‘ఒక్క రౌండే అమ్మా’ అంటే తాళం ఇవ్వకు. పద్దెనిమిది నిండని పిల్లవాడు బండితో పట్టుబడితే ఓనరుకి 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. కారు నీ పేరున ఉంటే ఆ ఓనరువి నువ్వే. ముద్దు చేసే చోటు ఇది కాదు.

ఇప్పుడు నన్ను ఎక్కువ కలవరపెట్టే విషయానికి వస్తాను, ఇన్సూరెన్స్. చలానా కంటే ఇదే పెద్దది.

సత్తుపల్లి దగ్గర ఆపారనుకుందాం. ఆర్సీ ఉంది, లైసెన్సు ఉంది, ఇన్సూరెన్స్ కాగితం మాత్రం ఇంట్లో బీరువాలో ఉండిపోయింది. చేతులు వణకడం మొదలవుతుంది. ఏం పర్లేదు. 2018 నుంచి ఫోన్లో చూపించినా చెల్లుతుంది. డిజీలాకర్ గానీ, ఎంపరివాహన్ గానీ ఉంటే చాలు. అయితే డిజీలాకర్లో మనం ఫొటో తీసి పెట్టుకున్న కాగితం అసలు కింద లెక్కకి రాదు, ‘ఇష్యూడ్ డాక్యుమెంట్స్’ అన్న చోట ప్రభుత్వం నుంచి, కంపెనీ నుంచి వచ్చిందే లెక్క. కంపెనీ పంపిన పాలసీ ఫైలు కూడా ఫోన్లో దించి పెట్టుకో. అశ్వారావుపేట దాటాక తోటల మధ్య సిగ్నల్ లేనప్పుడు యాప్ తెరుచుకోకపోతే ఏం చేస్తాం? అందుకే ఒక జిరాక్సు కాపీ కూడా డాష్‌బోర్డులో పడెయ్. పాత పద్ధతే, అయినా చాలాసార్లు అదే ఆదుకుంటుంది.

ఏదీ చూపించలేకపోతే కూడా దారి ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 139వ నియమం ప్రకారం, అడిగినప్పుడు దగ్గర లేని కాగితాలు 15 రోజుల్లోగా తెచ్చి చూపించవచ్చు. ‘సార్, పాలసీ ఉందండి, కాగితం ఇంట్లో ఉంది, ఎవరికి, ఎక్కడ చూపించాలో రాసివ్వండి’ అని మర్యాదగా అడుగు. నెంబరు కొడితే చాలాసార్లు వాళ్ళ మిషన్‌లోనే పాలసీ కనిపిస్తుంది. అయినా ఇన్సూరెన్స్ లేదని చలానా వచ్చేస్తే, కట్టేముందు ఆ తేదీకి, ఆ సమయానికి చెల్లుబాటులో ఉన్న పాలసీ కాపీతో అభ్యంతరం పెట్టు. చూడాల్సింది ఆ రోజు పాలసీ. నిన్న రెన్యూ చేయించుకున్న కొత్త కాగితం పోయిన నెల చలానాకి పనికిరాదు. ప్రీమియం కంపెనీకి చేరకముందు బీమా మొదలవదని 1938 నాటి బీమా చట్టంలోనే ఉంది. పాలసీ మీద తేదీతో పాటు గంట కూడా వేసేది అందుకే. ‘వెనక తేదీతో వేయిస్తానక్కా’ అని ఎవరైనా అంటే నమ్మకు. అది దొంగ పాలసీ. దానికిచ్చిన డబ్బూ పోతుంది, మనమే కొత్త కేసులో ఇరుక్కుంటాం.

మరి నిజంగానే గడువు అయిపోయి ఉంటే? ఇది చాలామందికి తెలియకుండానే జరుగుతోంది, ఎందుకో చెప్తాను. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారు కొన్నప్పుడే మూడేళ్ళకి, బైకుకి ఐదేళ్ళకి థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఇచ్చే బీమా, కట్టించుకుంటున్నారు. మన కారుకి జరిగే నష్టానికి ఇచ్చే బీమా మాత్రం తరచుగా ఏడాదికే ఉంటుంది. అంటే ఒకే పాలసీ కాగితం మీద రెండు గడువులు ఉంటాయి. మనం ఒకటే చూసుకుని ధీమాగా తిరుగుతాం. కారుకి మద్ది ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయించిన రోజు బాగా గుర్తుంటుంది, మూడేళ్ళు ఎప్పుడు నిండాయో గుర్తుండదు. ఇప్పుడే వెళ్ళి ఆ కాగితం తీసి రెండు తేదీలూ చూడు. క్యాలెండర్ మీద, పాల లెక్క పక్కనే రాసిపెట్టు.

ఇన్సూరెన్స్ లేకుండా మొదటిసారి పట్టుబడితే రెండు వేలు, మళ్ళీ పట్టుబడితే నాలుగు వేలు జరిమానా, చట్టంలో మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. మరి ఆ బీమా ఖరీదెంత? 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 2,094 రూపాయలు, పదిహేను వందల సీసీ లోపు కారుకి 3,416, జీఎస్టీ వేరే. చిన్న కారుకైతే ఒక్క జరిమానా డబ్బులతో దాదాపు ఏడాది బీమా వచ్చేస్తుంది.

కానీ నా భయం జరిమానా గురించి కాదు. రాత్రివేళ సైకిల్ మీద వెళ్తున్న ఒక కూలీని మన కారు గుద్ది ప్రాణం పోయిందనుకో, దేవుడు అలాంటి రోజు రానివ్వకూడదు, కానీ వస్తే? ఆ కుటుంబం ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్‌కి వెళ్తుంది, వెళ్ళాలి కూడా. పోయిన మనిషి వయసు, సంపాదన, ఆ మనిషి మీద ఆధారపడినవాళ్ళని చూసి పరిహారం నిర్ణయిస్తారు. అది లక్షల్లో ఉంటుంది. థర్డ్ పార్టీ బీమా ఉంటే కంపెనీ కడుతుంది, లేకపోతే ఓనరు కట్టాలి. అంటే పొగాకు అమ్మిన డబ్బులు, పామాయిల్ తోట, అమ్మాయి పెళ్ళికని దాచిన బంగారం, అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ఇక అవతల ఇంటి సంగతి చూడు. మన దగ్గర అంత డబ్బు లేకపోతే ఆ కూలీ పిల్లలకి దక్కాల్సింది కూడా సరిగ్గా దక్కదు. నేను ఈ విషయంలో అంత పట్టుగా చెప్పేది ఆ పిల్లల కోసం కూడా.

గడువు దాటి ఉంటే ఈరోజు కారు బయటికి తీయకు. ఫోన్లోనే థర్డ్ పార్టీ వరకు ముందు తీసుకో. పూర్తి బీమా కావాలంటే కంపెనీ వాళ్ళు కారు చూసి, ఫొటోలు గానీ వీడియో గానీ తీయించుకుని ఇస్తారు, అది తర్వాత చేయించుకోవచ్చు. గడువు దాటి 90 రోజులైతే ఇన్నాళ్ళూ క్లెయిమ్ చేయనందుకు వచ్చే తగ్గింపు పోతుంది, కాబట్టి నానబెట్టకు. ఏజెంటు ద్వారా తీసుకుంటే పాలసీ నెంబరుని కంపెనీ సైటులో ఒకసారి సరిచూసుకో. తెలిసినవాడే కావచ్చు, అయినా చూసుకో.

పాలసీలో ఇంకో చిన్న గీత ఉంటుంది, ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. ఓనరుకి లైసెన్సు ఉంటేనే అది వర్తిస్తుంది. కారు నీ పేరున ఉండి నీకు లైసెన్సు లేకపోతే అది నీకు అందదు. నడిపే ఆయన ఓనరు కాదు కాబట్టి ఆయనకీ అందదు. ఇది ఎంతమంది అక్కచెల్లెళ్ళకి తెలుసు? అందుకే నా మాట విని నువ్వూ కారు నేర్చుకుని లైసెన్సు తీసుకో. ఆయనకీ, వెనక కూర్చునే పిల్లలకీ విడిగా ప్రమాద బీమా వేయమని కంపెనీని అడుగు. కొంచెం డబ్బుతోనే అయిపోతుంది.

హైదరాబాద్‌లో చవగ్గా వచ్చిందని పాత కారు కొన్నవాళ్ళకి ఒక మాట. ముందు ఆ నెంబరు మీద చలానాలు ఏమైనా ఉన్నాయేమో చూసి, అమ్మినవాళ్ళ చేతే కట్టించు. అక్కడి ఆర్టీఏ ఆఫీసు నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తెప్పించుకో. ఏడాదికి మించి మన రాష్ట్రంలో ఉంచుకునే బండికి ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి, పన్నూ కట్టాలి. ఆర్సీ పాత ఓనరు పేరునే ఉన్నంత కాలం మన తప్పులకి వాళ్ళ ఫోన్ మోగుతుంది, వాళ్ళు మొహమాటపడి కొన్నాళ్ళు చెప్పరు. పాలసీలో పేరు మార్చమని కొన్న 14 రోజుల్లోపు కంపెనీకి రాసివ్వు. పేరు కలవకపోతే మన కారు రిపేరుకి క్లెయిమ్ అడిగినప్పుడు ఇబ్బంది పెడతారు.

ఇక ఖండాలు దాటిన పిల్లల సంగతి. మన చుట్టుపక్కల ఊళ్ళ నుంచి డల్లాస్, న్యూజెర్సీ వెళ్ళిన పిల్లలు ఎందరో. ‘అమ్మా, వేరే స్టేట్‌లో స్పీడింగ్ టికెట్ వచ్చింది’ అని అర్ధరాత్రి ఫోన్ చేస్తే మనకేం తోచదు. తిట్టకు. ముందు టికెట్ మీద ఏ తేదీ ఉందో అడుగు. ఆ తేదీలోపు జవాబివ్వాలి, డబ్బు కట్టి ఒప్పుకోవాలా, కాదని చెప్పుకోవాలా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు. మా రాష్ట్రం కాదులే అని వదిలేయడం మాత్రం కుదరదు. అక్కడ ఎక్కువ రాష్ట్రాలు ‘డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్’, ‘నాన్ రెసిడెంట్ వయొలేటర్ కాంపాక్ట్’ అని ఒప్పందాలు చేసుకున్నాయి. పక్క రాష్ట్రంలో చేసిన తప్పు సొంత రాష్ట్రానికి చేరుతుంది, జవాబివ్వకపోతే లైసెన్సే ఆపేస్తారు. ఇన్సూరెన్స్ ఉండీ చూపించలేకపోతే అక్కడ కూడా దారుంది. టెక్సాస్ చట్టంలో, ఆ రోజుకి పాలసీ చెల్లుబాటులో ఉందని కోర్టుకి చూపిస్తే ఆ కేసు కొట్టేసే వీలు రాసి పెట్టారు.

వాళ్ళకి ఇంకొంచెం జాగ్రత్త కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే విద్యార్థిగా అక్కడ ఉండటానికి ప్రభుత్వం దగ్గరుండే రికార్డులు, ఉన్నట్టుండి రద్దు చేశారు, అందులో చిన్నచిన్న ట్రాఫిక్ కేసులున్న పిల్లలూ ఉన్నారు. కోర్టుల్లో కేసులు పడ్డాక నెలాఖరుకి తిరిగి తెరిచారు. అది విని భయపడి టికెట్ దాచేయకూడదు, వెంటనే తేల్చుకోవాలి. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసులో ఒక మాట అడగమను. డ్రింక్ చేసి నడిపారన్నలాంటి పెద్ద కేసైతే సొంతంగా ఏదీ ఒప్పుకోకుండా లాయర్ని పెట్టుకోమను. కేసు ముగిశాక కోర్టు ఇచ్చిన కాగితం స్కాన్ చేసి ఒక కాపీ ఇంటికి కూడా పంపమను, మళ్ళీ వీసా స్టాంపింగ్‌కి వెళ్ళినప్పుడు అడిగితే చేతిలో ఉండాలి.